దురియన్ అనుకుని దడుచుకున్న గిన్నె: హాకర్ సెంటర్‌లో నా మొదటి డిజర్ట్, కొన్ని డౌట్లు

కోనసీమ_కొత్తోడు | ఆదివారం, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. సింగపూర్ వచ్చి నాలుగు నెలలైంది. ఇన్నాళ్లూ ఇక్కడ అద్దె ఇళ్ల గురించి, వర్క్ పాస్‌ల గురించి చదవడమే తప్ప ఏమీ రాయలేదు. మొదటిసారి రాస్తున్నా, అదీ తిండి గురించి.

నిన్న మా ఆఫీసులో పనిచేసే ఒక చైనీస్ కుర్రాడు నన్ను ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్ హాకర్ సెంటర్‌కి తీసుకెళ్లాడు. చిన్న చిన్న తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే చోటు అది. డకోటా స్టేషన్‌లో దిగి నడిచాం. మధ్యాహ్నం ఒంటిగంట. ఎండ పెద్దగా లేదు కానీ ఒకటే ఉక్క, చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఖాళీ టేబుల్ కనిపిస్తే కూర్చున్నాను. దాని మీద ఒక టిష్యూ ప్యాకెట్ ఉంటే, ఎవరో మర్చిపోయారనుకుని పక్కకి జరిపాను. కాసేపటికి ఒక పెద్దావిడ చెరో చేత్తో ఒక గిన్నె పట్టుకుని వచ్చి నన్ను చూసిన చూపు ఉంది చూడండి! మావాడు పరుగున వచ్చి ఆవిడకి సారీ చెప్పి నన్ను లేపాడు. టిష్యూ ప్యాకెట్ పెడితే సీటు పట్టినట్టేనట. మన దగ్గర ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరినట్టు.

భోజనం అయ్యాక చల్లగా ఏదైనా తిందామన్నాడు. డిజర్ట్ స్టాల్ ముందు పది పన్నెండు మంది లైను. మా వంతు వచ్చాక మావాడు వాళ్ల భాషలో ఏదో చెప్పాడు. కౌంటర్ దగ్గరున్న ఆంటీ లోపలికి తిరిగి గట్టిగా అరిచిన మాటల్లో నాకు అర్థమైంది ఒక్కటే: "ఆంగ్ మో లియూలియన్!" లియూలియన్ అంటే దురియన్, ఆ ఘాటు వాసన ముళ్ల పండు అని నాకు బాగా తెలుసు, మా బ్లాక్ కింద పళ్ల కొట్టాయన రోజూ అరిచే మాట అదే. గుండె జారిపోయింది. ఆ కొట్టు ముందు నుంచి వెళ్లేటప్పుడు ఊపిరి బిగబట్టే మనిషిని నేను.

గిన్నె వచ్చింది. తురిమిన ఐసు గుట్ట, దాని మీద తెల్లటి గుజ్జు, అడుగున గాజుపలుకుల్లా మెరిసే జెల్లీ, పక్కన ఉసిరికాయంత నిమ్మకాయ సగం చెక్క. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. ఏ వాసనా లేదు. చెంచాతో గుజ్జు కొంచెం లాగితే తడిసిన దూదిలా పోగులు పోగులుగా వచ్చింది. లోపల నున్నటి నల్ల గింజ ఒకటి. దాన్ని చూడగానే "ఓరి, ఇది సీతాఫలం గింజ కదా" అని పైకే అనేశాను. నోట్లో పెట్టుకుంటే సీతాఫలం తీపి లేదు. పులుపు. అనాస, సీతాఫలం కలిపి నలిపినట్టు. మూడో చెంచాకి గుర్తొచ్చింది. అమలాపురం దగ్గర మా అమ్మమ్మగారి పెరట్లో, బావి పక్కన, మెత్తటి ముళ్ల కాయలు కాసే చెట్టు. లక్ష్మణ ఫలం! చిన్నప్పుడు పుల్లగా ఉందని ఉమ్మేసి తిట్లు తిన్న పండుకి నిన్న 3 డాలర్లు ఇచ్చి, గిన్నె నాకినంత పని చేశాను.

ఇప్పుడు నా డౌట్లు. లక్ష్మణ ఫలాన్ని వీళ్లు దురియన్ అని ఎందుకంటున్నారు? వచ్చే నెల అమ్మానాన్నలు వస్తున్నారు. అమ్మ శాకాహారి, ఆ జెల్లీ దేనితో చేస్తారో తెలియాలి. నాన్నకి షుగర్. ఇద్దర్నీ ఇలాంటి చోటికి తీసుకెళ్లొచ్చా?

పుంగోల్_పిన్ని | ఆదివారం, ఉదయం 10:40

కొత్తోడు గారూ, స్వాగతం. టిష్యూ ప్యాకెట్ పెట్టి సీటు పట్టడాన్ని ఇక్కడ "చోప్" అంటారు. టిష్యూ లేకపోతే గొడుగు, అదీ లేకపోతే ఆఫీసు ఐడీ కార్డు. ఐడీ కార్డు ఎవరూ ఎత్తుకుపోరు, కానీ చోప్ చేసిన సీట్లో కూర్చుంటే మాత్రం ఊరుకోరు.

తిన్నాక ట్రే తీసుకెళ్లి రాక్‌లో పెట్టారా? 2021 సెప్టెంబర్ నుంచి అది తప్పనిసరి. మొదటిసారి అయితే హెచ్చరించి వదిలేస్తారు. మీ నాన్నగారికి ముందే చెప్పి ఉంచండి. మా మామగారు వచ్చినప్పుడు "హోటల్లో ఎంగిలి గిన్నెలు నేను ఎత్తడమేంటి" అని చిన్నబుచ్చుకున్నారు.

ఇక్కడే_పుట్టా | ఆదివారం, ఉదయం 11:05

నేను సింగపూర్‌లోనే పుట్టాను, నా తెలుగులో తప్పులుంటే క్షమించండి. "ఆంగ్ మో" అంటే హొక్కియన్ అనే చైనీస్ భాషలో ఎర్ర జుట్టు. తెల్లవాళ్లని అలా అంటారు. కాబట్టి ఆంగ్ మో లియూలియన్ అంటే తెల్లవాళ్ల దురియన్. ఇంగ్లీషులో సవర్‌సాప్. బయట ముళ్లు ఉన్నాయి కాబట్టి దురియన్, పరాయి దేశం నుంచి వచ్చింది కాబట్టి ఆంగ్ మో. స్కూల్లో మేమంతా సవర్‌సాప్ అనే అనేవాళ్లం. లక్ష్మణ ఫలం అనే పేరు ఈరోజే తెలిసింది, ఇంట్లో అమ్మ కూడా ఎప్పుడూ చెప్పలేదు.

బగాన్_మనవడు | ఆదివారం, మధ్యాహ్నం 12:31

నేను మలేషియా తెలుగువాణ్ణి. మా తాతగారి నాన్న శ్రీకాకుళం వైపు నుంచి పేరాక్‌లో కొబ్బరి తోటల పనికి వచ్చారు. మాది బగాన్ దాతో దగ్గర. పని కోసం ఇప్పుడు సింగపూర్‌లో ఉంటున్నా.

మలయ్‌లో కూడా దీని పేరు ఇంచుమించు అంతే, "దురియన్ బెలాండా". బెలాండా అంటే డచ్చివాళ్లు. "దురి" అంటే ముల్లు, ముల్లున్న కాయ కాబట్టి దురియన్. ఓడల మీద వచ్చిన కొత్త ముళ్ల కాయని చూసి డచ్చివాళ్ల దురియన్ అన్నారు. మా నాయనమ్మ దీన్ని "సీమ దురియన్" అనేది! మలయ్ మాటని ఆవిడ అలా తెలుగు చేసుకుంది. సీమ చింతకాయ అంటాం కదా, అలాగే. చిన్నప్పుడు అది అసలైన తెలుగు పేరే అనుకునేవాణ్ణి.

కోనసీమ_కొత్తోడు | ఆదివారం, మధ్యాహ్నం 12:50

సీమ దురియన్! అద్భుతం అండీ. ఇక నుంచి నేనూ అదే అంటా.

జురాంగ్_బాబాయ్ | ఆదివారం, మధ్యాహ్నం 1:15

వీళ్లు ఏమైనా అనుకోనీ, మనది మాత్రం స్వచ్ఛమైన పేరు. సీతాఫలం, రామాఫలం, లక్ష్మణ ఫలం. అరణ్యవాసంలో ముగ్గురూ తిన్న పళ్లు. త్రేతాయుగం నాటివి.

ఇక్కడే_పుట్టా | ఆదివారం, మధ్యాహ్నం 1:22

అంకుల్, ఆ మూడూ అమెరికా ఖండం నుంచి వచ్చినవే కదా? యూరప్ వాళ్ల ఓడలు వచ్చాకే ఇండియాకి వచ్చాయని చదివాను.

జురాంగ్_బాబాయ్ | ఆదివారం, మధ్యాహ్నం 1:30

అన్నీ చదివేయకు తల్లీ.

పుంగోల్_పిన్ని | ఆదివారం, మధ్యాహ్నం 1:48

బాబాయ్ గారూ, పిల్ల చెప్పింది నిజమే. మిరపకాయ కూడా అలా వచ్చిందేగా, మనం మానేశామా? వాళ్లు డచ్చివాడి పేరు పెట్టుకున్నారు, మనం లక్ష్మణుడి పేరు పెట్టుకున్నాం. నాకైతే మన పేరే నచ్చింది. పుల్లగా, ముక్కోపిగా, పైకి ముళ్లతో... లక్ష్మణుడికి సరిగ్గా సరిపోయింది.

వరంగల్_వుడ్‌లాండ్స్ | ఆదివారం, మధ్యాహ్నం 2:10

తమ్మీ, నువ్వు తెల్లవాళ్ల దురియన్‌కే భయపడ్డావు. అసలు దురియన్‌తో నాకైన అనుభవం విను.

మూడేళ్ల కింద మా అత్తమ్మ, మామయ్య వచ్చిండ్రు. "సింగపూర్ వచ్చి దురియన్ తినకపోతే ఎట్ల" అని మామయ్య పట్టు. జులై నెల, సీజన్ మంచి జోరు మీద ఉంది. మావో షాన్ వాంగ్ రకం అయితేనే బాగుంటదని ఎవరో చెప్తే అదే తీసుకున్నం. కొట్టాయన మందపాటి గ్లౌజు వేసుకుని కాయని తిప్పి తిప్పి చూసి, కత్తి మొనతో కింద చిన్న గాటు పెట్టి, మెడ తిప్పినట్టు తిప్పిండు. ఐదు అరలుగా విచ్చుకుంది. లోపల పసుపు ముద్దలు, పాలకోవా గడ్డలు పేర్చినట్టు. మామయ్య ఒకటి నోట్లో పెట్టుకుని కండ్లు మూసుకున్నడు. నేను కక్కుతడేమో అనుకున్న. "కోవాల ఉల్లిగడ్డ పిసికినట్టుంది, ఇంకొకటి తే" అన్నడు.

అక్కడితో ఆగితే అయిపోయేది. మిగిలింది డబ్బాలో పెట్టించుకుని బయల్దేరితే ఒక టాక్సీ ఆయన ముక్కు ఎగబీల్చి, మమ్మల్ని ఎక్కించుకోకుండనే వెళ్లిపోయిండు. ఎంఆర్‌టీ (ఇక్కడి మెట్రో రైలు)లో ఎట్లాగూ నిషేధం. ఆ స్టేషన్ బోర్డు చూసిండ్రా? పొగ తాగితే ఇంత జరిమానా, తింటే ఇంత అని అన్నిటికీ లెక్క రాసి ఉంటది, దురియన్‌కి మాత్రం వద్దని బొమ్మ ఒక్కటే, రేటు లేదు. చివరికి రెండు కిలోమీటర్లు నడిచినం. ఇంటికొచ్చి ఆ డబ్బాని మూడు కవర్లల్ల చుట్టి ఫ్రిజ్‌లో పెట్టిన. తెల్లారి పెరుగు దురియన్, పాలు దురియన్, అత్తమ్మ ఊరి నుంచి తెచ్చిన మామిడికాయ పచ్చడి కూడా దురియన్. నా భార్య నాతో రెండు రోజులు మాట్లాడలే.

ఇక్కడే_పుట్టా | ఆదివారం, మధ్యాహ్నం 2:25

ఆ ఉల్లిపాయ వాసన గంధకం వల్ల అండీ. 2017లో సింగపూర్ శాస్త్రవేత్తలే ముసాంగ్ కింగ్ దురియన్ జన్యుపటం తయారు చేశారు. మావో షాన్ వాంగ్ అన్నా అదే రకం. ఆ గంధకపు వాసనల్ని పుట్టించే జన్యువు దురియన్‌లో ఒకటి కాదు, చాలా కాపీలు ఉన్నాయని అందులో తేలింది. ముసాంగ్ అంటే మలయ్‌లో పునుగు పిల్లి. మలేషియాలోని కెలంతాన్‌లో గువా ముసాంగ్ అనే ఊరుంది, ఆ ఊరి పేరే పండుకి వచ్చింది.

వరంగల్_వుడ్‌లాండ్స్ | ఆదివారం, మధ్యాహ్నం 2:31

పిల్లి పేరు పెట్టినప్పుడే అనుమానం రావాల్సింది.

శాకాహారి_108 | ఆదివారం, సాయంత్రం 5:03

అసలు ప్రశ్నకి ఎవరూ జవాబు ఇవ్వలేదు. జెల్లీ.

పదేళ్లుగా ఇక్కడ శాకాహారంతోనే నెట్టుకొస్తున్నాను కాబట్టి చెబుతున్నా. ఐస్ జెల్లీ పాత పద్ధతిలో అయితే ఒక రకం అత్తి జాతి తీగ గింజలతో చేస్తారు. గింజల్ని గుడ్డలో కట్టి చల్లటి నీళ్లలో పిసుకుతూ ఉంటే ఆ నీళ్లే గడ్డకడతాయి, పొయ్యితో పనే లేదు. ఇప్పుడు చాలామంది పొడి కలిపి చేస్తారు. ఆ పొడి అగర్ అయితే మనకి ఇబ్బంది లేదు, సముద్రపు నాచుతో చేసేది. మన కిరాణా కొట్లలో చైనా గ్రాస్ అని అమ్మేది అదే. జెలటిన్ అయితే జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది. చూసి చెప్పలేం. "ఆంటీ, జెల్లీ గాట్ జెలటిన్ ఆర్ నాట్?" అని అడిగేయండి. ఏమీ అనుకోరు, రోజూ ఎవరో ఒకరు అడిగేదే. ఆవిడకి తెలియకపోతే జెల్లీ వద్దని, ఉత్త పండు, ఐసు ఇవ్వమనండి.

అమ్మగారికి ఇంకో విషయం ముఖ్యంగా చెప్పండి. "ఓర్ నీ" అని చేమదుంప ముద్ద తీపి ఒకటి ఉంటుంది, ఊదారంగులో, చూడటానికి హల్వాలా. పాత పద్ధతిలో దాన్ని పంది కొవ్వుతో చేస్తారు. నూనెతో చేసేవాళ్లూ ఉన్నారు. అడగకుండా మాత్రం తినొద్దు. నేను మొదటి ఏడాది మూడుసార్లు తిన్నాక తెలిసింది. ఆ రాత్రి నా పరిస్థితి ఎందుకు లెండి.

జురాంగ్_బాబాయ్ | ఆదివారం, సాయంత్రం 6:20

నాన్నగారికి షుగర్ అన్నారు. అయితే లక్ష్మణ ఫలం అమృతం! మా బావమరిది రోజూ పరగడుపున దాని ఆకుల కషాయం తాగుతాడు. క్యాన్సర్ కూడా దగ్గరికి రాదట. కీమో కంటే 10,000 రెట్లు పవర్ అని మా ఫ్యామిలీ గ్రూపులో వచ్చింది, కావాలంటే ఇక్కడ పెడతాను.

మందులక్క | ఆదివారం, సాయంత్రం 6:41

బాబాయ్ గారూ, దయచేసి పెట్టకండి. ఫార్మసీలో పనిచేస్తాను, ఆ మెసేజ్ నాకు ఏడాదికి నాలుగుసార్లు వస్తుంది. ఆకుల సారం గాజు గిన్నెలోని క్యాన్సర్ కణాల మీద పనిచేసినట్టు ల్యాబ్ పరీక్షలు ఉన్నమాట నిజమే. గిన్నెలో కణాలు చావడం వేరు, మనిషికి జబ్బు తగ్గడం వేరు. మనుషుల్లో క్యాన్సర్ తగ్గిస్తుందని రుజువు లేదు. అది నమ్మి ట్రీట్‌మెంట్ ఆపేసినవాళ్లని చూశాను, అందుకే కొంచెం గట్టిగా చెబుతున్నా.

ఇంకొకటి, ఈ జాతి చెట్ల గింజల్లో, ఆకుల్లో, కొంతవరకు పండులోనూ అనోనాసిన్ అనే పదార్థం ఉంటుంది, అది నరాలకి మంచిది కాదు. కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో ఈ పళ్లు, ఆకుల టీ బాగా అలవాటున్నవాళ్లలో పార్కిన్సన్స్ లాంటి జబ్బు ఎక్కువగా కనబడుతోందని 1999లోనే లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఎప్పుడో ఒకసారి ఒక గిన్నె పండు తింటే భయం అక్కర్లేదు. రోజూ కషాయం మాత్రం వద్దు. బీపీ, షుగర్ మందులు వాడేవాళ్లు అసలే వద్దు. గింజలు కొరక్కండి, మింగకండి.

కొత్తోడు గారూ, నాన్నగారికి పండు కంటే ఆ గిన్నెలో పోసే పాకమే సమస్య. పాకం వెయ్యొద్దనో, బాగా తగ్గించమనో చెప్పండి. ఒక గిన్నె తీసుకుని ఇద్దరూ పంచుకుంటే ఇంకా మంచిది.

జురాంగ్_బాబాయ్ | ఆదివారం, సాయంత్రం 7:02

సరేనమ్మా, పెట్టను. బావమరిదికి నీ మెసేజ్ పంపించాను. చదివినట్టు చూపిస్తోంది, ఇంకా జవాబు లేదు.

సైలెంట్_రీడర్ | సోమవారం, ఉదయం 8:15

దురియన్ తింటే ఒంట్లో బాగా వేడి చేస్తుందంటారు, నిజమేనా? మా అమ్మ ఫోన్‌లో వినగానే అదే అంది.

పుంగోల్_పిన్ని | సోమవారం, ఉదయం 9:00

ఈ విషయంలో మన అమ్మలూ ఇక్కడి ఆంటీలూ అక్కాచెల్లెళ్లే. దురియన్ వేడి, దాని వెంట మంగుస్తాన్ తినాలి, అది చలవ. దురియన్ తొనలు తీసేశాక ఆ తొక్క గుంటలో నీళ్లు పోసుకుని తాగితే వేడి తగ్గుతుందని చెప్పి మా పక్కింటి ఆంటీ నా చేత కూడా తాగించింది. సవర్‌సాప్ ఐతే చలవ అని ఆవిడే చెప్పింది. నమ్మకం మాట అటుంచి, ఉక్కపోతలో ఆ పులుపు, ఐసు కడుపులోకి దిగితే ప్రాణం లేచొస్తుంది. వేడి మాటేమో గానీ దురియన్ బాగా బరువైన పండు, రెండు మూడు తొనలకే పొట్ట నిండిపోతుంది. మందు తాగినవాళ్లు దాని జోలికి పోకపోవడం మంచిదని కూడా అంటారు.

వరంగల్_వుడ్‌లాండ్స్ | సోమవారం, మధ్యాహ్నం 12:40

పిన్నీ, మాలాంటి పిరికోళ్లకి దురియన్ కాకుండా వేరే ఏం తినాలో చెప్పు. పిల్లలకి సెలవులు వస్తున్నయి.

పుంగోల్_పిన్ని | సోమవారం, రాత్రి 9:35

పిల్లలకైతే ముందు ఐస్ కచాంగ్. పైన రంగురంగుల ఐసు కొండ, మన ఐస్ గోళా లాగే. నిజంగానే ఒకప్పుడు ఇక్కడ కూడా ఐసుని చేత్తో ఉండ చుట్టి, రంగు పాకం పోసి ఇచ్చేవాళ్లట. ఇప్పుడు గిన్నెలోకి ఎక్కింది. కచాంగ్ అంటే గింజలు. కొండని తవ్వుకుంటూ పోతే అడుగున ఉడికించిన ఎర్ర చిక్కుడు గింజలు, జెల్లీ, అటాప్ చీ. అటాప్ చీ దగ్గర కాసేపు ఆగండి. తెల్లగా, అద్దంలా, గుడ్డు ఆకారంలో ఉంటుంది. మొదటిసారి తిన్నప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి నాకు, అచ్చంగా తాటిముంజె! అయితే ముంజె అంత లేత కాదు, కొంచెం సాగుతుంది, లోపల నీళ్లు ఉండవు, పాకంలో ఉడికించి ఉంచుతారు. మే నెలలో ఊరికి వెళ్లలేని ఏడాది దాంతోనే సరిపెట్టుకుంటాను.

మామిడి, పంపర పనస, సగ్గుబియ్యం కలిపి చేసే చల్లటి తీపి ఒకటుంది. 1984లో హాంకాంగ్ లే గార్డెన్ రెస్టారెంట్ వాళ్లు మొదలుపెట్టారని చెబుతారు, ఇప్పుడు హాకర్ స్టాళ్లలోనూ దొరుకుతుంది. బాగానే ఉంటుంది. బంగినపల్లి తిన్న నోటికి మామిడి మాత్రం ఆనదు.

బగాన్_మనవడు | సోమవారం, రాత్రి 10:10

పిన్నిగారూ, అటాప్ చీ అంటే నీపా చెట్టు గింజ. తాటి కుటుంబమే కానీ ఉప్పునీటి బురదలో పెరుగుతుంది. మా ఊరి నది ఒడ్డున ఉండేవి. మొదలు బురదలోనే ఉండి, ఆకులు మాత్రం నీళ్లలోంచి లేచినట్టు కనిపిస్తాయి. ఆ ఆకుల్ని అల్లి ఇంటి కప్పు వేసేవాళ్లు, మన తాటాకు ఇల్లు లాగే. ఆ కప్పుని మలయ్‌లో అతాప్ అంటారు. గింజ పేరు అందులోంచే.

చెండోల్ సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? ఐసు, కొబ్బరిపాలు, ఆకుపచ్చటి పిండి పోగులు, పైన గులా మెలాకా. పచ్చరంగు, వాసన పాండన్ ఆకుది. మన మొగలికి చుట్టమే. బాస్మతి బియ్యం ఉడికేటప్పుడు వచ్చే కమ్మటి వాసన, పాండన్ వాసన రెండూ ఒకే పదార్థం వల్లనేనట. గులా మెలాకా కొబ్బరి పూగుత్తిని గీసి తీసిన నీరాని కాచి చేసే బెల్లం. మా నాయనమ్మకి అది ఇస్తే వాసన చూసి "తాటి బెల్లానికి తమ్ముడు" అనేది. మంచి స్టాల్‌లో అయితే చిక్కగా, కొంచెం మాడిన వాసనతో, కొబ్బరిపాల మీద గోధుమరంగు చారలుగా దిగుతుంది. పలచగా తేనీటి రంగులో ఉంటే అందులో మామూలు పంచదార కలిపారని అర్థం.

కొన్నిచోట్ల దాని మీద దురియన్ గుజ్జు కూడా వేస్తారు. వరంగల్ అన్నకి అది చెప్పొద్దు.

వరంగల్_వుడ్‌లాండ్స్ | సోమవారం, రాత్రి 10:14

చదివిన.

శాకాహారి_108 | మంగళవారం, ఉదయం 7:50

చెండోల్ మనకి నిశ్చింత, బియ్యప్పిండో పెసరపిండో ఉంటుంది. గులా మెలాకా "బెల్లమే కదా" అని షుగర్ ఉన్నవాళ్లు లాగించకండి, మందులక్క తిడుతుంది.

జురాంగ్_బాబాయ్ | మంగళవారం, ఉదయం 8:30

ఒక పాత సంగతి. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్ అన్నది ఊరికే పెట్టిన పేరు కాదు. 1937లో తెరిచిన కలాంగ్ విమానాశ్రయం ఆ పక్కనే ఉండేది. తర్వాత పాయా లేబార్‌కి, అక్కడి నుంచి చాంగీకి మారింది. హాకర్లు కూడా ఒకప్పుడు రోడ్డు పక్క బండ్లవాళ్లే. ప్రభుత్వం నీళ్లు, కాలవలు, పైకప్పు ఉన్న సెంటర్లు కట్టి 70లు, 80ల్లో వాళ్లని లోపలికి తెచ్చింది. 2020లో యునెస్కో జాబితాలో కూడా చేరింది ఈ హాకర్ సంస్కృతి. ఈసారి కరెక్టుగా చెప్పానా తల్లీ?

ఇక్కడే_పుట్టా | మంగళవారం, ఉదయం 8:44

ఫుల్ మార్కులు అంకుల్.

కోనసీమ_కొత్తోడు | ఆరు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 9:20

అమ్మానాన్నలు వచ్చి పది రోజులైంది. మీ మాటలన్నీ పాటించాను కాబట్టి ఏం జరిగిందో చెప్పడం న్యాయం.

మొదటిసారి సోమవారం తీసుకెళ్లాను. ఆ స్టాల్ మూసి ఉంది, సోమవారం సెలవట. నాన్న "వేరే ఊరు వచ్చి మూసిన కొట్టు చూపించావు" అన్నారు. మళ్లీ నిన్న వెళ్లాం. టిష్యూ ప్యాకెట్ అమ్మ చేతికిచ్చి టేబుల్ మీద పెట్టమన్నాను. అమ్మ పెట్టింది కానీ, ఎవరైనా తీసేస్తారేమోనని తనూ అక్కడే నిలబడి కాపలా కాసింది.

జెల్లీ గురించి అడిగాను. ఆంటీ "అగర్, అగర్, నో మీట్" అని నవ్వింది. పాకం తగ్గించమంటే ఆవిడే నాన్న వైపు చూసి "షుగర్ ఆ?" అని అడిగింది. ఎలా కనిపెట్టిందో! పాకం వెయ్యకుండా ఆ చిన్న నిమ్మకాయలు రెండు ఎక్కువ పెట్టింది.

అమ్మ రెండు చెంచాలు తిని, పులుపు పళ్లు జివ్వుమంటున్నాయని నాకు ఇచ్చేసింది. నాన్న మాత్రం మాట్లాడకుండా తిన్నారు. గింజ వచ్చిన ప్రతిసారీ నోట్లోంచి తీసి, టిష్యూ మీద వరసగా పెట్టారు. ఏడు గింజలు. అయిపోయాక వాటిని మడిచి జేబులో పెట్టుకున్నారు. "అమ్మమ్మగారి పెరట్లో చెట్టు తుఫానుకి పోయింది కదా. ఊళ్లో వేద్దాం" అన్నారు. ఆ చెట్టు పడిపోయిందని నాకు ఇప్పటిదాకా తెలియదు.

మందులక్క | ఆదివారం, రాత్రి 9:41

గింజలు మింగనందుకు సంతోషం. మీ నాన్నగారు నా మాట చదివినట్టున్నారు.

బగాన్_మనవడు | ఆదివారం, రాత్రి 9:55

అన్నా, ఆశ మీద నీళ్లు చల్లుతున్నానని అనుకోవద్దు. చాలా స్టాళ్లలో గుజ్జు తీసి ఫ్రీజర్‌లో పెట్టి వాడతారు. గడ్డకట్టిన గింజ మొలవదు. ఇంకోటి, ఇండియాకి గింజలు, మొక్కలు పర్మిట్ లేకుండా తీసుకెళ్లకూడదు. ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు. టెక్కా మార్కెట్‌లో ఒక్కోసారి పండే దొరుకుతుంది. దాని గింజలు ఇక్కడే కుండీలో వేసుకోండి. కాయ గట్టిగా ఉంటే వంటగదిలో బయటే ఉంచండి, మూడు నాలుగు రోజుల్లో మెత్తబడుతుంది. తొక్క నల్లబడినా భయపడొద్దు, లోపల బాగానే ఉంటుంది.

కోనసీమ_కొత్తోడు | శుక్రవారం, రాత్రి 8:05

సెరంగూన్ రోడ్‌లో పెరుమాళ్ గుడికి వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు టెక్కాలో కొన్నాం. 11 డాలర్లు. నాన్న రేటు విని వెనక్కి తిరిగారు, అమ్మ కొనిపించింది. గురువారానికి మెత్తబడింది. వేలితో నొక్కితే సొట్ట పడింది. అమ్మ గుజ్జు పిసికి, గింజలు తీసి, నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి మజ్జిగలా చిలికింది. పంచదార అసలు వెయ్యలేదు. నాన్న రెండు గ్లాసులు తాగారు.

గింజలు నానబెట్టి, కారిడార్‌లో ఉన్న తులసి కుండీ పక్కన ఇంకో కుండీ పెట్టి ఆరు నాటారు. రోజుకి నాలుగుసార్లు వెళ్లి చూస్తున్నారు. ఇంకా మొలక రాలేదు. ఎన్నాళ్లు పడుతుంది?

బగాన్_మనవడు | శుక్రవారం, రాత్రి 8:30

మూడు నాలుగు వారాలు పడుతుంది. నాటింది నిన్ననే కదా! తవ్వి చూడొద్దని చెప్పండి.

పుంగోల్_పిన్ని | శుక్రవారం, రాత్రి 8:52

కుండీ కింద ప్లేటులో నీళ్లు నిలవనివ్వకండి. డెంగ్యూ చెకింగ్‌కి వచ్చేవాళ్లు ముందు చూసేది అదే.